సబ్బు రాసిన కమాను

గద్వాల వెళ్లేవాళ్లు చీరల కోసం వెళ్లండి, కోట కోసం వెళ్లండి. వనపర్తిలో సంస్థానం నాటి భవనాలు చూడండి. నాగర్‌కర్నూలు మీదుగా నల్లమల దాకా పోయి రండి. సంగీతం కోసం మాత్రం నాలాగా వెళ్లకండి. ఊళ్ల తప్పేమీ లేదు, ఆ ఊళ్లు మాకు కడుపునిండా తిండి పెట్టాయి. మా వృత్తికి పట్టిన గతి ఏమిటో హైదరాబాదులో ఉన్నన్నాళ్లు నాకు సగమే తెలుసు. మిగతా సగం అక్కడ తెలిసింది.

నేను సినిమా సంగీతంలో వయొలిన్ వాయించేవాణ్ని. పుట్టింది విజయవాడ దగ్గర, బతికింది మొదట మద్రాసులో, తర్వాత హైదరాబాదులో. తెర మీద హీరో గుర్రమెక్కినా, హీరోయిన్ రైలు దిగినా, వెనకాల గుండెను పట్టి ఊపే ఆ నలభై యాభై వాద్యాల గుంపులో నేనొకణ్ని. ఆ గుంపును ఆర్కెస్ట్రా అంటారు. "అంటారు" అన్నది అలవాటు కొద్దీ రాశాను, "అనేవారు" అని చదువుకోండి. ఇప్పుడు ఒక కుర్చీ, ఒక కంప్యూటరు, ఒక కీబోర్డు ఉంటే చాలు. మాకు పిలుపులు ఆగిపోయి చాలా ఏళ్లయింది.

నాతో వచ్చినవాడు దానియేలు. సెల్లో వాయిస్తాడు. వయొలిన్‌కి పెద్దన్న లాంటిది సెల్లో. మనిషంత పెట్టెలో పెట్టుకుని మోసుకుపోవాలి, కుర్చీలో కూర్చుని మోకాళ్ల మధ్య నిలబెట్టుకుని వాయించాలి. దానియేలుది తుంగభద్ర ఒడ్డున ఉన్న రాజోలి. నాగర్‌కర్నూలులో ఒక ట్రస్టు వాళ్లు "సినీ సంగీత విభావరి" పెడుతున్నామనీ, తీగ వాద్యాలు ఎనిమిది కావాలనీ కబురు చేస్తే ఎగిరి గంతేశాం. మిగతా ఆరుగురూ వ్యానులో సరాసరి వస్తామన్నారు. దానియేలు మాత్రం ముందు రాజోలి వెళ్లి వాళ్ల అక్క రూతమ్మను వెంటపెట్టుకు రావాలన్నాడు. ముప్పై ఏళ్లుగా వాయిస్తున్నాడు కానీ, తమ్ముడు వాయిస్తుంటే ఆవిడ ఒక్కసారి కూడా వినలేదు. స్టూడియోలోకి బయటివాళ్లను రానివ్వరు. పండక్కి ఊరికి పోయినప్పుడేమో ఇంత పెట్టెను బస్సులో వేసుకుపోయే ధైర్యం అతనికి లేకపోయింది. తోడుగా నేనూ బయల్దేరాను.

గద్వాల: ఆటోలో మా పాట

రైలు దిగి బయటికి వచ్చేసరికి ఆకలి దంచేస్తోంది. స్టేషన్ రోడ్డులో ఉగ్గాని, మిర్చి బజ్జీ తిన్నాం. మరమరాలను నానబెట్టి తాలింపు వేస్తే ఇంత రుచి వస్తుందని మా కృష్ణాజిల్లా వాళ్లకు ఎవరూ చెప్పినట్టు లేరు. మేం మరమరాలను బెల్లం పాకంలో ఉండలు కట్టి ఊరుకుంటాం. ప్లేటు నలభై రూపాయలు. బజ్జీ కారానికి నా కళ్లు ఎర్రబడితే, వడ్డించే ఆవిడ "జర పెరుగు పొయ్యాల్నా సారూ?" అని అడుగుతూనే పోసేసింది.

రాజోలి బస్సుకు ఇంకా టైం ఉంది కదా అని కోట చూడ్డానికి ఆటో మాట్లాడుకున్నాం. ఆటోలో సీట్లకంటే స్పీకర్లే ఎక్కువ. డ్రైవరు పాటలు వేయలేదు. సినిమాల్లో మాటలు లేని చోట వచ్చే సంగీతపు ముక్కలు ఒకదాని తర్వాత ఒకటి వేస్తున్నాడు.

"పాటలెవడు వింటుండు సార్? బీజీయమ్మే అసలు మజా," అన్నాడు.

నాలుగో ముక్కో ఐదో ముక్కో మొదలవగానే దానియేలు నా మోకాలు గట్టిగా పట్టుకున్నాడు. ఒంటరి సెల్లో. చీకటి గదిలో ఎవరో మెల్లగా తలుపు తీసినట్టు మొదలై, వెనక నుంచి వయొలిన్లు వచ్చి కలుసుకునే ముక్క అది. సినిమా పేరు చెప్పను. చెప్పినా మీకు అందులో మా పేర్లు కనబడవు. ఆ సెల్లో దానియేలుది. ఆ వయొలిన్లలో ఒకటి నాది.

"ఇది వాయించింది ఈయనే," అన్నాను, ఆపుకోలేక.

డ్రైవరు అద్దంలో మా ఇద్దర్నీ చూసి పకపకా నవ్వాడు. "గిదా? గిది కంప్యూటర్ల చేస్తరు సార్. మనుషులు గింత మంచిగ ఎట్ల వాయిస్తరు?"

దానియేలు కూడా నవ్వాడు. నాకు మాత్రం ఒళ్లు మండింది. కోట దగ్గర దిగి నేను గోడలు చూడనే లేదు. మనిషి చేసిన పని మరీ బాగుంటే అది మనిషి చేసింది కాదనుకునే కాలంలో పడ్డాం గదా అని ఒకటే గొణుగుడు.

రాజోలి బస్సులో కండక్టరు సెల్లో పెట్టెకు కూడా టికెట్ కొట్టాడు. "మనిషంత జాగ వట్టింది కద," అన్నాడు. దానియేలు ఆ టికెట్‌ను జేబులో పెట్టుకుని, "దీనికి లెక్కలో చోటు దొరికింది ఇదే మొదటిసారి," అన్నాడు. అతను అలా ఎకసెక్కాలాడితే లోపల మండుతోందని నాకు తెలుసు.

రాజోలి: ప్యాకెట్ మీద లేని పేరు

రూతమ్మ ఇంటి ముందు నులకమంచం వేసి మా కోసం చూస్తోంది. అరవై దాటిన మనిషి, గట్టి మనిషి. ఈ ప్రాంతమంతా పత్తి విత్తనం పండిస్తారు. సాయంత్రం మొగ్గ విప్పి లోపలి మగ కేసరాలు గిల్లేయడం, మర్నాడు పొద్దున ఇంకో పువ్వు తెచ్చి దాని పుప్పొడి రాయడం, ఇలా ఒక్కో పువ్వుకూ చేతులతోనే చెయ్యాలి. రూతమ్మ వయసంతా ఆ పనిలోనే పోయింది. ఆ కూలితోనే తమ్ముణ్ని కర్నూలు మిషన్ హాస్టల్లో చదివించింది. చర్చిలో ఫిడేలు పట్టడం అతను నేర్చుకున్నది అక్కడే.

జొన్న రొట్టె, పుంటికూర పప్పు, ఎల్లిపాయ కారం పెట్టింది. మా గోంగూరనే వీళ్లు పుంటికూర అంటారు. మేం దాన్ని నూనెలో ముంచి జాడీకెత్తి ఏడాదంతా కాపలా కాస్తాం, వీళ్లు ఏ పూటకా పూట పప్పులో వేసుకుని హాయిగా తినేస్తారు. నేను మూడో రొట్టె వద్దంటే వినలేదు.

పక్కింటాయన ఒకడు మంచం మీద చేరి, సెల్లో పెట్టెను వేలితో తట్టి చూశాడు. "సినిమాల్ల చేస్తవంటరు. పేరు ఎన్నడు పడకపాయె కద దానయ్యా?" అన్నాడు.

దానియేలు నోరు తెరిచేలోపే రూతమ్మ అందుకుంది. "విత్తనాల ప్యాకెట్ మీద నా పేరు ఉంటదా? కంపెనీ బొమ్మ ఉంటది. గట్లని నేను పని చెయ్యలేదా? మా తమ్మునిది గూడ గంతే."

ఇన్నేళ్లుగా ఆ ఊరికి ఆవిడ ఇదే జవాబు చెబుతోందట. మా గురించి ఇంత సూటిగా ఏ పత్రికలోనూ ఎవరూ రాయలేదు. పక్కింటాయన తలూపాడు గానీ నమ్మినట్టు లేడు.

భోజనమయ్యాక దానియేలు పెట్టె విప్పబోయాడు. "అక్కా, ఇప్పుడే వాయిస్త, విను."

"వద్దు తమ్మీ. ఇంట్ల వాయిస్తే ఇంట్లనే వాయిస్తడు అంటరు. స్టేజీ మీద, పదిమందిల వింట. వచ్చి ఊర్ల చెప్త, నా కండ్లతోని చూసిన అని," అంది రూతమ్మ. ఆ ప్రోగ్రాం కోసమే గద్వాల చీర కొనుక్కుందట, తీసి చూపించింది. ఆకుపచ్చ చీరకు ఎర్ర అంచు. ఎప్పటినుంచో ఎదురుచూస్తున్న మనిషిని తొందరపెట్టడం ఎందుకని దానియేలు పెట్టె మూసేశాడు.

వనపర్తి: శబ్దం లేని బొమ్మ

కృష్ణ దాటి, పెబ్బేరు మీదుగా వనపర్తి చేరాం. అక్కడ కాలేజీలో పాఠాలు చెప్పే నా మిత్రుడు శ్రీనివాసులు, పిల్లలకు సినిమా సంగీతం గురించి నాలుగు మాటలు చెప్పమన్నాడు. చెప్పడానికి నాకు నాలుగు మాటలు కాదు, నలభై ఏళ్ల కడుపుమంట ఉంది.

వాళ్ల గదిలో తెర మీద, ఆటోలో విన్న ఆ సంగీతం వచ్చే దృశ్యాన్నే వేయించాను. ముందు శబ్దం తీసేసి వేశాం. ఒక తల్లి గుమ్మం పట్టుకుని నిలబడి ఉంటుంది. అంతే. పిల్లలు ఆవులించారు. తర్వాత శబ్దం పెట్టి వేశాం. ఆమె చూపు కదలడానికి ఒక్క ఊపిరి ముందు సెల్లో మొదలవుతుంది. ఆమె కొడుకు ఇక రాడని ఆమె కంటే ముందు మనకు తెలుస్తుంది. వెనక బెంచీలో రూతమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంటోంది.

"ఆ నటి ఏడవలేదు," అన్నాను. "దర్శకుడు ఆమెకు గుమ్మం దగ్గర నిలబడమని మాత్రమే చెప్పాడు. ఏడ్చింది ఈ వెనక కూర్చున్న దానియేలు గారి చేతిలోని చెక్క. మెచ్చుకోళ్లన్నీ ఆమెకు వచ్చాయి, బాగా నటించిందని."

రికార్డింగ్ ఎలా జరిగేదో చెప్పాను. గుమ్మం మీద ఎర్ర దీపం వెలిగితే నలభై మందీ ఊపిరి బిగబట్టాలి. ఈగ వాలినా తోలుకోకూడదు. మధ్యలో ఏం జరిగినా, హెడ్‌ఫోన్లలో వినబడే తాళం ఆగిపోయినా సరే, వాద్యబృందాన్ని నడిపించే మాస్టారు చెయ్యి దించేదాకా ఎవరూ తీగల మీద లాగే కమాను ఆపకూడదు. ఒకడు ఆపితే నలభై మంది కష్టం మళ్లీ మొదటికొస్తుంది. మాకు అది నరాల్లో ఇంకిపోయింది.

ఒక విద్యార్థి లేచి ఫోన్ చూపించాడు. "సార్, ఇందుల వయొలిన్లు నొక్కితే వస్తయి. సేమ్ ఉంటది."

విన్నాను. దాదాపు అలాగే ఉంది, అదే నా బాధ. అయినా చెప్పాను: "నలభై మంది ఒకే స్వరం వాయిస్తే అది ఒక స్వరం కాదు బాబూ. ఒకడు వెంట్రుకవాసి ముందు, ఒకడు వెనక. ఒకడికి ఇంట్లో జ్వరపడ్డ పిల్ల ఉంటుంది, ఒకడికి కొత్తగా పెళ్లయి ఉంటుంది. ఆ తేడాలన్నీ కలిస్తేనే ఆ స్వరానికి వెడల్పు వస్తుంది. ఫోనులో నలభై మంది లేరు, ఒకణ్నే నలభై సార్లు నిలబెట్టారు." గొప్ప కళ అంటే సంగీత సభల్లోనే ఉంటుందనుకునే వాళ్లకు ఇది ఎప్పటికీ ఎక్కదు. టికెట్ కొనుక్కుని నేల తరగతిలో కూర్చున్న కూలీ మనిషికి కూడా అంతమంది కలిసి పలికే నాదాన్ని వినిపించిన చోటు సినిమా హాలు ఒక్కటే. ఇది కళ కాదంటే నేను ఒప్పుకోను.

ఒకమ్మాయి అడిగింది: "మరి మీ పేర్లెందుకు వెయ్యలే సార్?"

బయటికి వచ్చాక రూతమ్మ నాతో అంది, "మస్తు చెప్పినవు సారూ. సగం నాకు సమజ్ కాలే. గని మా తమ్ముని గురించి గట్ల చెప్పినోళ్లను నేను చూడలే." "రేపు చూస్త కద," అంది చిన్నపిల్లలా.

నాగర్‌కర్నూలు: ఎనిమిది చేతులు

ఫంక్షన్ హాలు ముందు మా తలల కంటే ఎత్తున ఫ్లెక్సీ. "యాభై మంది ఆర్కెస్ట్రాతో" అని రాసి ఉంది. వ్యానులో వచ్చిన ఆరుగురినీ, మా ఇద్దరినీ, డ్రమ్ముల మనిషినీ కలిపినా యాభై దరిదాపుల్లో లేం. లోపల పులిహోర, మిర్చీలు పెట్టారు. పులిహోర బాగుంది. ఆ పూట బాగున్నది అదొక్కటే.

సౌండ్ చూసుకునే ఆయనది తెలకపల్లి. నడివయసు మనిషి, మర్యాదస్తుడు. మేం తీగలు సవరించుకుంటుంటే వచ్చి నిలబడ్డాడు.

"జర ఏమనుకోకుండ్రి సార్. పాటలన్ని రికార్డు చేసిన ట్రాక్ వేస్తం. మీరు ఊకె వాయించినట్టు చెయ్యాలె. మీ సౌండు మైకుల వడితే రెండు కలిసి గజిబిజి అయితది." జేబులోంచి సబ్బు బిళ్ల తీశాడు. "కమాన్లకు గిది రాసుకోండ్రి. మహబూబ్‌నగర్‌ల గూడ గిట్లనే చేసినం."

చదివేవాళ్ల కోసం చెబుతాను. కమాను వెంట్రుకలకు రోజిన్ అనే జిగురు రాస్తేనే అవి తీగను పట్టుకుంటాయి, నాదం పుడుతుంది. సబ్బు రాస్తే తీగ మీద జారిపోతాయి. చెయ్యి ఆడుతుంది, చప్పుడు రాదు. ఒకసారి సబ్బు పట్టిన వెంట్రుకలు మళ్లీ పనికిరావు, మార్పించాల్సిందే. ఆ పని తెలిసినవాళ్లు హైదరాబాదులో తప్ప దొరకరు. టీవీ వాళ్ల ప్రోగ్రాముల్లో ఈ దొంగ వాయింపు మామూలే. అందుకోసం ఒక పాత కమాను విడిగా ఉంచుకుంటాం. ఇక్కడ నిజంగా వాయించాలని చెప్పారు గనుక తలా ఒకటే తెచ్చుకున్నాం.

"నేను రాయను," అన్నాడు దానియేలు. "నా ముక్క నేనే వాయిస్త. మిగతావి మీ ఇష్టం."

"గది గూడ ట్రాకే సార్. సినిమాలున్న ఒరిజినలే వేస్తున్న," అన్నాడు తెలకపల్లి ఆయన, ఆ సినిమా పేరు చెబుతూ. దానియేలు తను వాయించినదానికే తను చెయ్యాడించాలన్నమాట. ఆ సంగతి చెబితే ఆయన "అయితే ఇంక మంచిదే కద, మీకు మొత్తం యాదుంటది," అన్నాడు. వెక్కిరింపు కాదు, మనస్ఫూర్తిగా అన్నాడు. అందుకే మరీ కాలింది.

పెట్టె సర్దుకుని పోదామన్నాను. దానియేలు తెర పక్క నుంచి హాల్లోకి చూశాడు. ముందు వరసలో ఆకుపచ్చ గద్వాల చీర కట్టుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని రూతమ్మ కూర్చుని ఉంది. పక్కన కూర్చున్న ఆవిడకు అతని ఖాళీ కుర్చీని చూపించి ఏదో చెబుతోంది.

దానియేలు సబ్బు తీసుకున్నాడు.

మొదటి పాటలన్నీ బాగానే సాగాయి, అంటే ఎవరికీ తెలియలేదు. ఆ తర్వాత అతని ముక్క వచ్చింది. మా వెనక కట్టిన తెర మీద సినిమాలోని తల్లి గుమ్మం దగ్గర నిలబడింది. సెల్లో నాదం హాలంతా నిండింది. దానియేలు కళ్లు మూసుకుని, నిజంగా వాయిస్తే ఎంత బలం పెట్టేవాడో అంత బలమూ పెట్టి కమాను లాగుతున్నాడు. నేను పక్కన చూస్తూ, ఫరవాలేదులే, ఇవి అతని స్వరాలే కదా, ఆవిడ వినేది తమ్ముణ్నే కదా అని మనసుకు సర్ది చెప్పుకుంటున్నాను.

కరెంటు పోయింది.

ట్రాక్ ఆగింది, తెర ఆరింది. వెంటనే జనం ఫోన్లలో లైట్లు వేసి స్టేజీ వైపు తిప్పారు. ఆ వెలుతురులో వాళ్లకు కనిపించింది ఏమిటంటే, ఎనిమిది మందిమి వాయిస్తూనే ఉన్నాం. మాస్టారు చెయ్యి దించలేదు గనుక ఆపలేదు. అక్కడ మాస్టారు ఎవరూ లేరన్నది మా చేతులకు గుర్తు రాలేదు. ఎనిమిది కమాన్లు పైకీ కిందికీ పోతున్నాయి, చప్పుడు మాత్రం లేదు. దానియేలు ఇంకా గట్టిగా అదిమాడు. చీపురుతో అరుగు ఊడ్చినంత శబ్దం వచ్చింది.

ముందు ఎవరో కిసుక్కుమన్నారు. "ఓయ్, యాక్టింగ్ చేస్తుండ్రు!" అని వెనక నుంచి కేక. హాలంతా ఘొల్లుమంది. అప్పటికి మా చేతులు ఆగాయి. జనరేటర్ అందుకుంది, ట్రాక్ మొదటి నుంచి వచ్చింది, చప్పట్లు, ఈలలు. సంగీతానికి వచ్చిన చప్పట్లా, తమాషాకు వచ్చినవా అన్నది నాకు ఇప్పటికీ తెలియదు. రూతమ్మ మాత్రం చప్పట్లు కొట్టలేదు. తమ్ముడి చేతి వంకే చూస్తూ ఉంది.

బస్టాండు

రూతమ్మను ఎక్కించడానికి పొద్దున్నే గద్వాల బస్సు కోసం కూర్చున్నాం. చాయ్ తాగుతున్నంతసేపూ రూతమ్మ పొలం సంగతులు మాట్లాడింది, ఈసారి వానలు ఎట్లా ఉన్నాయో చెప్పింది. రాత్రి సంగతి ఎత్తలేదు. దానియేలే ఉండబట్టలేక మొదలుపెట్టాడు.

"అక్కా, నిన్న వినబడ్డది నేను వాయించిందే. అప్పట్ల వాయించింది రికార్డు చేసిండ్రు. గదే వేసిండ్రు."

"అవునులే తమ్మీ."

"నిజంగా అమ్మా," అన్నాను నేను. "ఆ రోజు నేను పక్కనే ఉన్నాను."

రూతమ్మ నా వైపు జాలిగా చూసింది. "నువ్వు గూడ ఉత్తగనే ఊపితివి కద సారూ. కాలేజీల పెట్టెల వచ్చిన పాటనే రాత్రి గూడ వచ్చె. కరెంటు పోతే బందాయె. నాకు కండ్లు లేవా?"

వేళ్లతో తీగలు మీటినా పాట వినిపించవచ్చు, దానికి కమాను అక్కర్లేదు. రాత్రి చీకట్లో మా ఎనిమిది మందిలో ఒక్కడికీ తట్టని ఆ ఉపాయం దానియేలుకు అప్పుడు తట్టింది. బెంచీ మీద కూర్చుని పెట్టె విప్పి, సెల్లోను మోకాళ్ల మధ్య నిలబెట్టుకుని, వేలితో మీటడం మొదలుపెట్టాడు. కమానుతో సాగదీయాల్సిన స్వరాలు మీటితే టక్కున పుట్టి టక్కున పోతాయి. పైగా అచ్చంపేట బస్సు రివర్స్ అవుతోంది, కండక్టరు విజిల్ వేస్తున్నాడు, మైకులో ఏదో ఊరి పేరు చెబుతున్నారు. నాలుగు స్వరాలు కూడా అతుక్కోలేదు. అతుక్కోకపోయినా అతను మీటుతూనే ఉన్నాడు. చుట్టూ నలుగురు చేరి చూస్తున్నారు.

రూతమ్మ లేచి వచ్చి తీగల మీద అరచెయ్యి పెట్టింది.

"చాలు తమ్మీ, అందరు చూస్తుండ్రు." గొంతు తగ్గించి, అతని తల మీద చెయ్యి వేసింది. "ఫికర్ చెయ్యకు. ఊర్ల ఎవరన్న అడిగితే, వాయించిండు, నా కండ్లతోని చూసిన అనే చెప్త. అసలు సంగతి నా పానం పోయినా బయట పెట్ట."

దానియేలు "సరే అక్కా" అన్నాడు. ఆవిడ చీర మూట చంకన పెట్టుకుని గద్వాల బస్సెక్కింది.